నీ ఇంటి గోడ

వెనక గది, కుట్టుమిషన్ దగ్గర

మరదలికి,

కుశలం అడగను. నేను అడిగితే నువ్వు నమ్మవు, నువ్వు అడిగితే నేను నమ్మను. అందుకని నేరుగా విషయానికొస్తున్నాను. నీ ఇంటి గోడకు బూజు పట్టింది.

"నీ ఇల్లు" అని కావాలనే రాశాను. బ్యాంకు వాళ్లు మీ అన్నయ్యకు అప్పు ఇవ్వబోమంటే నీ పేరు మీద తీసుకున్నావు. కాగితాల్లో ఇల్లు నీది, మేం ఉంటున్నవాళ్లం. ఆ సంగతి నన్ను ఒక్కరోజు కూడా మర్చిపోనివ్వలేదు నువ్వు. సరే, ఇల్లు నీదైతే దాని రోగమూ నీదే.

జరిగింది చెబుతాను. పెళ్లికి వెళ్లి తిరిగొచ్చేసరికి పై బాత్రూంకు వెళ్లే పైపు గోడలోనే పగిలిపోయి ఉంది. వెనక గదినిండా నీళ్లు. మీ అన్నయ్య చెప్పులు మంచం కింద నుంచి తేలుకుంటూ గుమ్మం దాకా వచ్చేశాయి. పైకి నీళ్లు పోకుండా వాల్వు కట్టేసి, ఇద్దరం ఎత్తిపోశాం, తుడిచాం, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. పీడ వదిలిందనుకున్నాం. ఆ తర్వాత గోడ మీద చుక్కలు మొదలయ్యాయి. చుక్కలు మచ్చలయ్యాయి, మచ్చలన్నీ కలిసి ఇప్పుడు కిటికీ అంచు దాకా నల్లగా పాకాయి. వేలు పెడితే మసిలా అంటుకుంటోంది. జనం నమ్మి కుట్టమని ఇచ్చిన పెళ్లిబట్టలకు ఆ వాసన పడుతుందేమోనని అన్నీ ముందు గదిలోకి మోసుకుపోయాను.

మీ అన్నయ్య మంచం ఆ గదిలోనే. ఆయనకు దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఊపిరి ఈల వేస్తోంది. స్కూలు బస్సు వాళ్లు, ఛాతీ బాగుందని డాక్టరు రాసిచ్చేదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. పొద్దున్నే లేచి యూనిఫాం వేసుకుంటారు, అద్దంలో చూసుకుంటారు, మళ్లీ విప్పి హ్యాంగరుకు తగిలిస్తారు. నాకు చూడబుద్ధి కావడం లేదు.

ఇంటికి ఇన్సూరెన్స్ చేయించానని ఒకప్పుడు నలుగురిలో గొప్పగా చెప్పావు. ఆ గొప్పేదో ఇప్పుడు చూపించు. ఫోన్ చేస్తే "మైక్రోస్కోపు ముందున్నాను వదినా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

వదిన


ఆస్పత్రి ల్యాబ్, భోజనాల వేళ

వదినకు,

నీ ఉత్తరం అందింది. అందులో ఇన్సూరెన్స్ గురించి ఉన్నది ఒక్క ముక్క, మిగతాదంతా నా గురించే. నీకు ఆ మాత్రం తీరిక ఉన్నందుకు సంతోషం.

గదిలో చెప్పులు తేలుతుంటే ఆ రోజే నాకు ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? గోడ నల్లబడేదాకా ఏం చేస్తున్నావు, బొత్తాలు కుడుతున్నావా? పాలసీ తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాను. నీకు అర్థమయ్యేలా చెబుతాను. పైపు ఉన్నట్టుండి పగిలితే నష్టం కట్టిస్తారు. ఆ నీళ్ల వల్ల బూజు పడితే దానికీ కట్టిస్తారు, కాకపోతే ఆలస్యం చేయకుండా చెప్పాలి. గోడలో ఎప్పటినుంచో చెమ్మ దిగుతున్నా తెలిసి ఊరుకున్నారనుకో, ఏమీ రాదు. "ఇంట్లో ఉండేవారి అశ్రద్ధ" అని ఒక పేరా మొత్తం ఉంది. చదువుతున్నంతసేపూ నీ మొహమే కనపడింది.

క్లెయిమ్ పెట్టాను. వచ్చేవారం సర్వేయర్ వస్తాడు. అతను నా పేరు మీద వస్తున్నాడు, అది గుర్తుంచుకో. కిందటేడు మా ల్యాబ్ ఇన్‌ఛార్జి అటు పనిమీద వచ్చి మీ ఇంట్లో కూర్చుంటే సోఫాలో సూది గుచ్చుకుంది. తిరిగొచ్చి అందరి ముందూ చెప్పి నవ్వింది. ఆ రోజు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఈసారైనా ఇల్లు ఇల్లులా ఉంచు. బయటివాడి ముందు నా పరువు తీయకు.

ఇంకో మాట. అన్నయ్యను నా దగ్గరికి పంపించు. ఛాతీ డాక్టర్లు మా పై అంతస్తులోనే ఉంటారు. అక్కడ ఆ గదిలో పడుకోబెట్టి నువ్వు చేసే వైద్యమేమిటో నాకు తెలుసు. వేడినీళ్లు, ఇంకాసిని వేడినీళ్లు.

మరదలు


ముందు గది, కొత్త కర్టెన్ పక్కన

మా ఇంటి సూక్ష్మదర్శినికి,

నీ సర్వేయర్ వచ్చి వెళ్లాడు. నీ పరువుకు చిన్న మరక కూడా అంటలేదు, నిశ్చింతగా ఉండు.

నీ ఉత్తరం చదివిన రోజే కొంగు బిగించాను. బ్లీచింగు కలిపి గోడంతా ఇనుప బ్రష్షుతో తోమాను. చేతులు పొక్కిపోయాయి. ఆరాక రంగు వేశాను. ఒక పూతకు మచ్చ కనపడింది, రెండో పూతకు లీలగా తెలిసింది, మూడో పూతకు మాయమైపోయింది. మీగడలా ఉంది గోడ. కిటికీకి కొత్త కర్టెన్ కుట్టి వేలాడదీశాను. సోఫా మొత్తం అయస్కాంతంతో వెతికాను, దొరికిన సూదులన్నీ డబ్బాలో పెట్టాను. మీ ఇన్‌ఛార్జి గారిని మళ్లీ రమ్మను, నిర్భయంగా కూర్చోవచ్చు. మంచం పక్కనున్న బీరువా ఒక్కటి మాత్రం జరపనివ్వలేదు మీ అన్నయ్య. దాని కాలు విరిగిందట, కదిపితే మీద పడుతుందట. పోనీలే అని పైపైన తుడిచాను.

సర్వేయర్ మర్యాదస్తుడే. బూట్లు బయట విప్పి వచ్చాడు. గోడకేసి చూశాడు, నాకేసి చూశాడు. "బూజు ఎక్కడండీ?" అన్నాడు. "మీరొస్తున్నారని తెలిసి అంత నల్లగా ఉంచుతామా? శుభ్రం చేశాను" అన్నాను. మళ్లీ గోడకేసి చూశాడు. వేలితో తట్టాడు. ఏదో రాసుకున్నాడు. టీ పెడతానంటే వద్దని వెళ్లిపోయాడు. ఇంత శుభ్రమైన ఇల్లు ఈ మధ్య చూసి ఉండడు.

మీ అన్నయ్యను పంపను. ఇంతకుముందు కాలు ఆపరేషన్‌కని తీసుకెళ్లి "ఇంకొన్నాళ్లు, ఇంకొన్నాళ్లు" అంటూ ఎంతకాలం అట్టిపెట్టుకున్నావో నేను మరిచిపోలేదు. తిరిగొచ్చాక నా వంటకు వంకలు పెట్టడం మొదలైంది. మనిషిని ఇస్తే మనిషినే తిరిగివ్వాలి, నీ వకీలును కాదు.

వదిన


ఆస్పత్రి ల్యాబ్, డ్యూటీ దిగాక

గౌరవనీయులైన వదిన గారికి,

మీ శుభ్రతకు ఫలితం వచ్చింది. క్లెయిమ్ కొట్టేశారు. "పరిశీలనలో నష్టమేదీ కనిపించలేదు" అని రాశారు. ఎలా కనిపిస్తుందండీ? మూడు పూతలు కప్పేశారు కదా తమరు!

దొంగలు పడిన ఇంటిని పోలీసులొచ్చేలోగా ఊడ్చి, ముగ్గులు పెట్టి, విరిగిన తాళం పారేసి కొత్తది వేసినట్టుంది మీ పని! నష్టం చూడటానికి వచ్చే మనిషికి నష్టం చూపించాలని విడిగా చెప్పాలా? అది చెప్పాల్సిన సంగతని నా బుర్రకు తట్టలేదు. ఇన్నేళ్లుగా రక్తంలో ఏముందో చూసి చెబుతున్నాను, మీ బుర్రలో ఏముందో మాత్రం ఇప్పటికీ అంతు చిక్కడం లేదు.

పైగా బ్లీచింగు! ఊపిరాడని మనిషి పడుకునే గదిలో బ్లీచింగు, దానిమీద రంగు వాసన. మొన్న అన్నయ్య ఫోన్ చేశాడు. మీరు బజారుకు వెళ్లినప్పుడు చేశాడనుకుంటాను. "బాగున్నానే" అనడానికి రెండుసార్లు ఆగాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే నన్నే ఓదార్చాడు, "నువ్వు మీ వదినతో ఏం అనకు" అని.

అనకుండా ఎలా ఉంటాను? అతని ఊపిరి మీ పట్టుదల కంటే చిన్నదా? పంపించండి. ఇది అడగడం కాదు, చెప్పడం.

ఇట్లు,
మీ ఇంటి యజమానురాలు


ముందు గది

యజమానురాలికి,

నువ్వు "మీరు" అంటే నాకు మర్యాద పెరగదు, నీకు పొగరు పెరిగిందని తెలుస్తుంది, అంతే.

"ఇల్లు ఇల్లులా ఉంచు, బయటివాడి ముందు నా పరువు తీయకు." ఇది ఎవరు రాశారు? నీ అక్షరాలే. చెక్కుచెదరకుండా దాచాను. పరువు పరువని నా నెత్తిన కూర్చున్నదెవరు? సోఫాలో సూది కథ ఏడాదిపాటు కడుపులో దాచుకుని సమయం చూసి విసిరిందెవరు? నువ్వు ఆ మాట అనకపోతే నా చేతులు పొక్కేవి కావు, ఆ గోడ అలాగే నల్లగా ఉండేది, వాడు ఫొటో తీసుకుని పోయేవాడు. నేను చదువుకోని దాన్ని కాదు. నీ నోటికి భయపడ్డదాన్ని. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన దగ్గరనుంచి ఎవరైనా చుట్టం వస్తున్నాడంటే నాకు ముందు గుర్తొచ్చేది నీ కళ్లే. గిన్నె అడుగు కూడా తిప్పి చూసే కళ్లు. ఆ కళ్లకే రంగు వేశాను, గోడకు కాదు.

ఇంకో సంగతి విను. నాకు నీ పాలసీలో పేరు కూడా లేదు. సర్వేయర్ కాగితంలో చూశాను. మీ అన్నయ్య పేరు ఉంది, నా చోట "ఇతరులు" అని ఉంది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఇతరులు వండితే తిన్నారు మీ అన్నయ్య. సంతోషం.

ఇప్పుడు అసలు విషయం. రంగు పొంగింది. మొదట చిన్న బుడగలు, తర్వాత పొక్కులు, ఇప్పుడు పెచ్చులు లేచి వాటి వెనక నుంచి మళ్లీ నలుపు. ముందుకంటే ఎక్కువ. ఈసారి నేను గుడ్డ కూడా తగిలించలేదు, దేవుడి మీద ఒట్టు. పిలిపించు నీ సర్వేయర్ని. టీ కూడా అడగను.

ఆయన్ను ముందు గదిలో పడుకోబెట్టాను. నా మిషను, బట్టలు వెనక గదిలోకి వెళ్లాయి, వాటికి వాసన పట్టినా సరే. ఇది నీకు చెప్పుకోవాల్సిన పని లేదు, అయినా చెబుతున్నాను, మళ్లీ పట్టుదల అంటావని.

ఇతరులు


ఆస్పత్రి మెట్ల మీద

వదినకు,

గొడవ తర్వాత పడదాం. క్లెయిమ్ మళ్లీ తెరిపించాను. ఫోన్ మీద ఎంతమందితో అరిచానో లెక్కలేదు. ఈసారి సర్వేయర్ ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వస్తాడు, గోడ పగలగొట్టి లోపల చూస్తారు. పైపు కొత్తగా చీలిందని తేలితే, బూజు దానివల్లేనని తేలితే మొత్తం గోడ తీసి కట్టిస్తారు. పాత చెమ్మ అని తేలితే ఇక ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు.

దేన్నీ తుడవకు. ఊడ్వకు. అతను వచ్చే ముందు కర్టెన్ కూడా సర్దకు. ఈసారి చెప్పాల్సింది చెప్పాను, చెప్పలేదనకు.

ఒక్కటి నిజం చెప్పు, నన్ను తిట్టే మాట లేకుండా. పైపు పగలకముందు ఆ గదిలో చెమ్మ ఎప్పుడైనా చూశావా? చూసి ఉంటే నాకిప్పుడే చెప్పు. అతని ముందు ఇద్దరం రెండు మాటలు మాట్లాడితే మునిగిపోతాం.

"ఇతరులు" అని రాయించింది నేను కాదు, అక్కడి గుమాస్తా. రక్తసంబంధం అయితేనే పేరు రాస్తామన్నాడు. నేను వాదించలేదు, అది నిజమే.

మరదలు


వెనక గది, గోడ ఉన్న చోట

మరదలికి,

ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపు పొద్దుటి బస్సుకు ఎక్కిస్తున్నాను. అవును, పంపుతున్నాను. గెలిచావని మురిసిపోకు, చివరిదాకా చదువు.

వాళ్లు వచ్చారు. మేస్త్రీ ప్లాస్టరింగు కొట్టాడు. పైపు నిలువునా చీలి ఉంది, చీలిక అంచులు మెరుస్తున్నాయి. "ఇది కొత్తదే, దీనికి ఇబ్బంది లేదండీ" అన్నాడు సర్వేయర్. నా ప్రాణం కుదుటపడింది. నీకు వెంటనే ఫోన్ చేద్దామని కూడా అనిపించింది, చూడు నా ఖర్మ.

అప్పుడు అతను "ఈ బీరువా కాస్త జరుపుతారా" అన్నాడు. మీ అన్నయ్య "దాని కాలు విరిగింది" అన్నారు. మేస్త్రీ వంగి చూసి "నాలుగు కాళ్లూ బాగానే ఉన్నాయండీ" అన్నాడు. జరిపాడు.

దాని వెనక గోడ లేదు. ఉన్నదాన్ని గోడ అనలేం. కింద నుంచి నా ఎత్తు దాకా నల్లటి బొచ్చు, పొరలు పొరలుగా. సున్నం తడిసి ముద్దై రాలి నేలమీద కుప్పగా పడి ఉంది. బీరువా వెనక చెక్క పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. సర్వేయర్ దగ్గరికి వెళ్లి చూశాడు. ఇది ఈ పైపు వల్ల కాదు, కిటికీ పైనున్న పగులులోంచి ఏళ్లుగా వాన దిగుతోంది అన్నాడు. "ఇది మీకు తెలుసా?" అని నన్ను అడిగాడు. తెలియదన్నాను, అది నిజం. నీ ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

తర్వాత ఆయన్ను అడిగాడు. నేను అతని వెనక నిలబడి కళ్లతో సైగ చేశాను, తెలియదని చెప్పమని. నన్ను చూశారు. చూసి కూడా "నాకు తెలుసండీ. బీరువా నేనే జరిపాను" అన్నారు.

సర్వేయర్ అది రాసుకున్నాడు. పైపు వైపు గోడకు డబ్బు వస్తుందన్నాడు, బీరువా వైపు దానికి రాదన్నాడు. అంటే పెద్దదానికి రాదు.

వాళ్లు వెళ్లాక నేను ఆయన మీద పడ్డాను. ఎందుకు చెప్పలేదు, ఎందుకు దాచారు, ఆ బీరువాకు తల ఆనించి పడుకుంటూ ఆ గాలి పీల్చారు కదా అని. ఆయన మంచం మీద కూర్చుని, ఆగి ఆగి చెప్పారు. ఆయన మాటలే రాస్తున్నాను, నావి కలపడం లేదు.

"మొదట అరచేతి అంత మరక. నీకు చెబుదామనుకున్నా. చెబితే 'మీ చెల్లెలి ఇల్లు ఇలా ఏడ్చింది' అంటావు. దానికి చెబితే 'వదిన ఇల్లు ఇలా ఏడిపించింది' అంటుంది. మళ్లీ మొదలవుతుంది, ఎన్ని నెలలు సాగుతుందో తెలియదు. బీరువా జరిపితే అయిపోతుందనుకున్నా. ఆ తర్వాత పెద్దదైంది. పెద్దదయ్యాక ఎలా చెప్పాలో తెలియలేదు."

అంతే. దగ్గొచ్చి ఆగిపోయారు.

నాకు ఆయన మీద కోపం రావడం లేదు. నీ మీద తెచ్చుకుందామని చూశాను, అలవాటైన పనే కదా, అదీ రాలేదు. మనిద్దరం అరుచుకోకుండా ఉండటానికి ఆ మనిషి ఆ విషం పీల్చుకుంటూ పడుకున్నాడు. ఆ పక్కనే కూర్చుని నేను నీమీద చెప్పే చాడీలన్నీ వింటూ. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను, అదీ నా దౌర్భాగ్యం.

మేస్త్రీని మాట్లాడాను. ఆ గోడ తీయించి, కిటికీ పగులు పూడ్పించేదాకా నేను ఇక్కడే ఉంటాను. ఆ దుమ్ములో ఆయన ఉండకూడదు. మందుల సంచి వేరుగా పెట్టాను. దిండు ఎత్తుగా వేయాలి. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దంటారు, అడక్కుండా పెట్టు. తిరిగి ఎప్పుడు పంపుతావని అడగను.

వదిన


నా వంటగది

వదినా,

అన్నయ్య క్షేమంగా చేరాడు. డాక్టరు చూశాడు. మందులు మార్చాడు. ఊపిరితిత్తుల్లో కొంత బాగుపడుతుందన్నాడు, కొంత పడదన్నాడు. ఎంత అనేది ఇప్పుడే చెప్పలేనన్నాడు. మళ్లీ బస్సు నడిపే సంగతి అడగొద్దని డాక్టరే నాకు సైగ చేశాడు, నేను అడగలేదు, అన్నయ్యా అడగలేదు.

నీ ఉత్తరం ఇచ్చి నా మొహమే చూస్తూ కూర్చున్నాడు. "ఏం రాసింది, తిట్టిందా?" అన్నాడు. లేదన్నాను. నమ్మలేదు. నేను ఏడుస్తుంటే నువ్వు ఏదో గట్టిగానే రాసి ఉంటావనుకున్నాడు. "అది కోపంలో ఏదో అంటుందిలేవే, మనసులో ఉండదు" అని నీ తరఫున మాట్లాడాడు. నీ దగ్గర నా తరఫున ఎన్నిసార్లు ఇలాగే మాట్లాడి ఉంటాడో!

ఇక్కడికి వచ్చాక దగ్గు తగ్గిందనుకున్నాను. సంబరపడ్డాను. నీకు కాస్త పొగరుగా రాద్దామని కూడా అనుకున్నాను, మా గాలి మంచిదని. ఈరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పొద్దుటి నుంచి బాత్రూంలోకి పదే పదే వెళ్తున్నాడు. వెళ్లిన ప్రతిసారీ కుళాయి ధారగా వదులుతున్నాడు. నీళ్లు ఎందుకు అలా వృథా చేస్తున్నాడా అని తలుపు దగ్గరికి వెళ్లాను. లోపల దగ్గుతున్నాడు. టవలు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ నీళ్ల చప్పుడు చాటున. నాకు వినపడితే నీకు రాస్తానని. నీకు రాస్తే నువ్వు నన్ను ఏదో అంటావని.

బయటికొచ్చి మొహం తుడుచుకుంటూ నవ్వాడు. "ఇక్కడ హాయిగా ఉందే" అన్నాడు. నేనూ నవ్వాను, ఏం చేయను?

మేస్త్రీని ఆగమను. గోడ ఎక్కడికీ పోదు, ఆ సంగతి తర్వాత ఇద్దరం చూద్దాం. ఇంటికి తాళం వేసి నువ్వు బయల్దేరు. నీ మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చిందనుకోకు, నీకూ పుట్టక్కర్లేదు. నువ్వొచ్చి అతని కళ్లెదురుగా నా పక్కన కూర్చో, నేను పెట్టింది తిను, అంతే చాలు. మనిద్దరం ఒకే గదిలో అరుచుకోకుండా ఉండగలమని చూస్తేగాని అన్నయ్య గట్టిగా దగ్గడు.

మరదలు